ఇది మీరు కాకపోతే

జూన్ 2

మా ఆయన దేవరాజ్ జిగణిలో తన ఫ్యాక్టరీ పక్కనే ఒక గదిలో ఉంటున్నాడు. ట్రాఫిక్ వల్ల. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. ఓనరమ్మకి చెప్పాను, ఆఫీసులో సుజాతకి చెప్పాను, పాలవాడికి కూడా చెప్పాను. పాలవాడు అడగలేదు. కుందలహళ్ళి నుంచి జిగణికి రోజూ వెళ్ళి రావాలంటే సిల్క్ బోర్డు కూడలి దాటాలి. ఆ పేరు వినగానే ఎవరైనా అయ్యో అంటారే తప్ప మారు ప్రశ్న వేయరు. ఈ ఊళ్ళో మొగుడూ పెళ్ళాం విడిగా ఉండటానికి ఇంతకంటే మర్యాదైన కారణం ఇంకొకటి లేదు.

తీరిక దొరికింది కాబట్టి మెయిల్ బాక్సు శుభ్రం చేద్దామనుకున్నాను. ఎప్పటినుంచో అనుకుంటున్నదే. తీరిక ఒక్కటే కొత్త.

జూన్ 3

ఈ రోజు వచ్చినవి. ‘ప్రియమైన మారప్ప, మీ మగ్గం మోటారు వారంటీ ముగియబోతోంది.’ ‘ప్రియమైన పుష్పావతి, మీ మోకాళ్ళ నొప్పికి ఇక సెలవు.’ ‘ప్రియమైన ఓబళప్ప, మీకు తగిన వధువులు మా దగ్గర ఉన్నారు.’

నాకు మగ్గం లేదు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. వధువు నాకు అక్కర్లేదు, ఓబళప్పకూ అక్కర్లేదు, ఆయన మనవరాలికే పోయినేడు పెళ్ళయింది. ఆ పెళ్ళికి సంబంధాలు వెతకడానికి తాతగారి పేరుతో నా మెయిలు ఐడీ ఇచ్చారు. పెళ్ళి అయిపోయింది, వధువులు మాత్రం ఆగలేదు.

ఆఫీసులో నా పని ఏమిటంటే, ఏ మెయిలు చెత్త, ఏది కాదు అని యంత్రానికి నేర్పడం. లక్షల మంది డబ్బాల్లోంచి చెత్త ఏరి పారేయించే జట్టులో ఉన్నాను. పోయినేడు దానికి కంపెనీ నాకొక గాజు జ్ఞాపిక కూడా ఇచ్చింది. దాన్ని ఇప్పుడు కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాను.

జూన్ 5

దీనికంతటికీ మూలం మా అత్తగారి వీధి.

దొడ్డబళ్ళాపురంలో ఆ వీధినిండా మరమగ్గాలే. కొత్త కోడలిగా అడుగుపెట్టిన రెండో రోజే దేవరాజ్ చిన్నాన్న మారప్ప వచ్చి, “ఏమ్మా ఆశా, నీకు మెయిలు ఉండాదంట కదా, మా పాప కాలేజీ ఫారానికి కావాల” అన్నాడు. నాకు మహా గర్వంగా అనిపించి అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. ఆ సాయంత్రానికి వీధంతా దాన్ని నోటికి నేర్చుకుంది. అప్పటినుంచి గ్యాసు కనెక్షను, బడి, ఆసుపత్రి, చీరల షాపులో లక్కీ డ్రా, దేనికైనా నా ఐడీయే. వీధికి ఒక బోరింగు ఉన్నట్టు ఒక మెయిలు. ఇంకొకటి ఎందుకని వాళ్ళ లెక్క. దేవరాజ్ లెక్క కూడా అంతే. ఇంటికి ఒకటి ఉంది కదా అని ఇన్నేళ్ళూ సొంతానికి ఒక ఐడీ పెట్టుకోలేదు.

పోయిన నెల మీటింగులో తెర మీద నా ల్యాప్‌టాప్ చూపిస్తున్నాను. చెత్త మెయిళ్ళను ఎంత గొప్పగా తగ్గించామో చెప్పే స్లైడు అది. సరిగ్గా దాని మూలన మెల్లగా తేలింది: ‘మారప్ప గారూ, మీ మొలల చికిత్సకు అపాయింట్‌మెంట్ ఖరారైంది.’ ఇంగ్లీషులో ఉంది కాబట్టి పూణె ఆఫీసువాళ్ళకీ అర్థమైంది, పైన కూర్చున్న పెద్ద మేనేజరుకీ అర్థమైంది. ఆయన చాలా మంచివాడు. త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నట్టు నాకు విడిగా రాశాడు.

ఇంటికొచ్చి అరిచాను. “నేనేం మీ వీధికి పోస్టు డబ్బానా?”

“మావోళ్ళకి నీ మింద నమ్మకముండాది, ఇచ్చుకుండిరి” అన్నాడు దేవరాజ్.

“నన్నడిగారా?”

“ఇంట్లో మనిషిని ఏమని అడుగుతారు?”

“ఆ చెత్తంతా నా నెత్తిన వేయడానికి అడగాలి!”

అతను అన్నం కలపడం ఆపాడు. “చెత్తా? అట్లయితే ఊడ్చెయ్. మొదట నన్ను ఊడ్చు. నా మెయిళ్ళూ దాంట్లోనే వస్తాండాయి కదా.”

మర్నాడే ట్రాఫిక్ మొదలైంది.

జూన్ 7

పని అయింది. రూలు పెట్టాను. దొడ్డబళ్ళాపురం అనే మాట ఉన్నా, వీధివాళ్ళలో ఎవరి పేరున్నా, ఆ మెయిలు నా కంటపడకుండా నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. కొన్నింటి అడుగున చిన్న అక్షరాల్లో ‘ఇది మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి’ అని ఉంటుంది. నొక్కాను. మీరు మారప్పా? కాదు. మీరు పుష్పావతా? కాదు. మీరు కదిరమ్మా? అది మా అత్తగారి పేరు. కాదు, కానే కాదు. నొక్కుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

రూల్లో దేవరాజ్ పేరు చేర్చలేదు. మర్చిపోయాను. రేపు చేర్చాలి.

జూన్ 9

జిగణిలో ఏదో మెస్సు నుంచి: ‘దేవరాజ్, ఈ రోజు మీ టిఫిన్ ఉప్మా.’

అతనికి ఉప్మా పడదు.

జూన్ 10

మళ్ళీ ఉప్మా. ఆ మెస్సువాడికి ఇంకేమీ రాదా?

జూన్ 11

చపాతీ, సాగు కూర. నయం.

దేవరాజ్ పేరు రూల్లో ఇంకా చేర్చలేదు. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

జూన్ 12

‘దేవరాజ్, మీ అద్దె ఒప్పందం సిద్ధంగా ఉంది. గది: జిగణి. గడువు: పదకొండు నెలలు. మీ సంతకం ఒక్కటే మిగిలింది.’

ఇన్నాళ్ళూ అతను ఎవరో స్నేహితుడి గదిలో ఉంటున్నాడనుకున్నాను. అంటే, అనుకోలేదు, అలా అయి ఉండాలని కోరుకున్నాను. పదకొండు నెలలు. సిల్క్ బోర్డు దగ్గర ఫ్లైఓవరు కట్టేవాళ్ళు కూడా అంత నిక్కచ్చిగా గడువు చెప్పరు.

సంతకం చేస్తే ఇక ఇది ట్రాఫిక్ కాదు.

నాకు భయం వేసింది. ఇది నా డైరీయే కాబట్టి రాసుకోవచ్చు. భయం వేసింది.

జూన్ 13

మా ఫిల్టరులో పెద్ద లోపం కనిపెట్టాను. నా డబ్బాలో ఉప్మా మెయిళ్ళకీ, అద్దె ఒప్పందం మెయిలుకీ పసుపుపచ్చ గుర్తు పెట్టి ‘ముఖ్యం’ అని అన్నింటికన్నా పైన చూపిస్తోంది. మేనేజరు మెయిలు వాటి కింద. మా అన్నయ్య మెయిలు దాని కింద. టిఫిన్ సెంటరు ప్రకటనని ముఖ్యం అనే యంత్రాన్ని లక్షల మందికి ఎలా అంటగడతాం? ఫిర్యాదు నమోదు చేశాను. చూడాల్సింది సుజాత. ఆమెది మహబూబ్‌నగర్ వైపు, దాపరికం తెలియని మనిషి. నా ల్యాప్‌టాప్ తిప్పుకుని కాసేపు చూసి నవ్వింది.

“ఏందే ఆశా, ఫిల్టర్‌కి ఏ రోగం లేదు. నువ్వు రోజు ఓపెన్ చేస్తున్నవ్, చదువుతున్నవ్, మళ్ల వెనక్కొచ్చి చూస్తున్నవ్. ఈ ఉప్మాని ఎన్నిసార్లు తెరిచినవో చూడు! ఇది నీకు ఇంపార్టెంట్ అని అది అనుకుంటది. మనమే గట్ల నేర్పినం గదా.”

“పొరపాటున తెరిచాను.”

“ఫోన్ చెయ్‌రాదూ ఆయనకి?”

ఫోను చేయడానికి ఏదో ఒక పని ఉండాలి కదా. అతనికీ ఉండాలి. ఏ పనీ లేకుండా ఊరికే ఫోను చేసుకునే అలవాటు మాకు లేదు. పాలు అయిపోయాయి అనో, తాళం ఎక్కడుంది అనో మొదలు పెట్టాలి. ఇప్పుడు అతని పాలు వేరు, నా పాలు వేరు.

సాయంత్రానికి సుజాత నా ఫిర్యాదు మూసేసింది. కారణం దగ్గర ఒకే వాక్యం రాసింది: ‘యంత్రం సరిగానే పనిచేస్తోంది.’

జూన్ 16

‘దేవరాజ్, మీరు మధ్యలోనే ఆగిపోయారు. ఏదైనా ఇబ్బందా?’

సంతకం చేయలేదన్నమాట.

జూన్ 17

‘దేవరాజ్, మీ ఒప్పందం మీకోసం ఎదురుచూస్తోంది.’

చూడనీ.

జూన్ 19

వృత్తిపరంగా చెప్పాలంటే ఇలా గుర్తుచేసే మెయిళ్ళంత నీచమైన జాతి ఇంకొకటి లేదు. వద్దన్నా వెంటపడతాయి, పలకకపోతే జాలిగా అడుగుతాయి, చివరికి బెదిరిస్తాయి. వీటి మీద నేనే పోయినేడు ఒక ప్రసంగం కూడా ఇచ్చాను, గాజు జ్ఞాపిక అప్పుడే ఇచ్చారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకుండా దానికోసమే చూస్తున్నాను. అది వచ్చిందంటే అతను ఇంకా సంతకం చేయలేదని. ఈ రోజు ఏకంగా రెండు వచ్చాయి. ఉత్సాహంగా ఉండి ఇల్లు కడిగాను.

జూన్ 21

బెల్లు మోగితే తలుపు తీశాను. మా అత్తగారు. కదిరమ్మ ఎప్పుడూ చెప్పకుండా రాదు. చేతిసంచితో బస్సులు మారి ఒక్కతే వచ్చింది, కుడికన్ను చికిలించి నా మొహం వెతుక్కుంటూ.

“కంటి పొర ఆపరేషనుకి దినము మెయిల్లో పంపిస్తామని చెప్పిరి ఆశమ్మా. నువ్వు ఫోను చేసి చెప్తావని నేను కాచుకోనుంటి. యెంతకీ రాకపోతే పోయి అడిగితి. నీ దినము అయిపోయిందవ్వా, రాలేదేమి అనిరి.”

నేను మెయిలు తెరిచాను. చెత్తబుట్టలో ఉంది. ‘ప్రియమైన కదిరమ్మ’ అని మొదలై, తేదీ, టైము, ఖాళీ కడుపుతో రావాలని, తోడు ఒకరుండాలని అన్నీ వివరంగా ఉన్నాయి. ఎవరి కంటా పడకుండా పోయింది. నా రూలు అద్భుతంగా పనిచేసింది.

ఆవిడ ముందు నేల మీద కూర్చుండిపోయి ఏం చేశానో చెప్పాను. ఆవిడకు రూలంటే ఏమిటో అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఈసారి అర్థమైంది.

“అంటే కొత్త అచ్చు అతకకుండానే పాతది కోసేస్తివా?”

మగ్గం మీద అచ్చు, అంటే నిలువు నూలు, అయిపోవస్తే పాత పోగుల కొసలకే కొత్త పోగులు ఒక్కొక్కటీ కలిపి మెలిపెడతారు. అలా చేస్తేనే కొత్తది నేరుగా లోపలికి ఎక్కుతుంది. ముందే కోసేస్తే మొత్తం మొదటినుంచి ఎక్కించుకోవాలి. ఆవిడ కోపంగా అనలేదు. పని తెలియని పిల్ల చేసిన పని చూసినట్టు అంది. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది. ఏడ్చాను.

“ఏడవద్దులే. దేవరాజు పోయి ఇంకో దినము అడుక్కొచ్చినాడు. వచ్చే నెల. కాఫీ పెట్టు.”

దేవరాజ్ నాకు చెప్పలేదు. చెప్పడానికి అదొక పనే కదా. అయినా చెప్పలేదు.

జూన్ 22

ఆదివారం. అత్తగారు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, “ఆ చెత్తబుట్టలో ఏముండాయో చదువు, నాకు పొద్దు పోతాది” అంది. చదివాను. మారప్ప మోటారు వారంటీ అయిపోయిందని విని బాధపడింది. ఓబళప్పకు వచ్చిన వధువుల వివరాలు రెండుసార్లు చదివించుకుంది. “ఈ పిల్ల బాగుండాది, ఎవురికన్నా చెప్పాల” అంది. ఆవిడకు అందులో ఒక్కటీ చెత్త కాదు. మా ఆఫీసులో ఉద్యోగం ఇస్తే ఫిల్టరు మూసేయాల్సి వస్తుంది.

బస్సు ఎక్కించడానికి వెళ్ళినప్పుడు అడిగాను, అతను ఎలా ఉన్నాడని.

“ఎట్లుంటాడు, ట్రాఫిక్ అంట కదా” అంది ఆకాశంలోకి చూస్తూ. “నేను దొడ్డబళ్ళాపురం నుంచి వస్తి. నాకు లేదా ట్రాఫిక్?”

నేను ఆవిడ చేతిసంచి అందుకున్నాను.

“రెండు వారాలుగా సెలవు దినాల్లో వచ్చి వీధిలో ఇంటింటికీ పోతాండాడు. అందరికీ ఎవురిది వాళ్ళకి మెయిలు చేసిస్తాండాడు. ఆశకి అడ్డం పడొద్దు, ఆ పిల్ల తల పగిలిపోతాది అని అందరికీ చెప్పినాడు. పాసువర్డు అందరికీ ఒకటే, మన అమ్మోరి పేరు, చౌడమ్మ అని. మగ్గం కంబానికి సుద్దముక్కతో రాసిపెట్టినాడు.”

ఇరవై ఏళ్ళుగా భద్రత గురించి ప్రపంచం నేర్చుకున్నదంతా ఆ సుద్దముక్క ముందు దిగదుడుపు. నవ్వబోయాను. నవ్వు రాలేదు. అతను నన్ను ఊడ్చేయడం లేదు, నా వాకిలి ఊడుస్తున్నాడు.

ఇంటికొచ్చి రూలు తీసేశాను.

జూన్ 24

రూలు తీసేసినా ఏమీ రావడం లేదు. మోకాళ్ళు లేవు, మోటార్లు లేవు, వధువులు లేవు. ఉప్మా లేదు.

ఒప్పందం వాళ్ళ దగ్గరనుంచీ ఏమీ లేదు.

జూన్ 25

ఏమీ రాలేదు. ఐడీ మార్చి ఉంటాడు. లేదా సంతకం చేసి ఉంటాడు. రెంటిలో ఏదైనా నా డబ్బా ఖాళీయే.

ఖాళీ డబ్బా ఎంత గొప్పదో చెప్తూ మా కంపెనీ ఒక ప్రకటన తీసింది. అందులో ఒకావిడ ఖాళీ డబ్బా చూసుకుని కాఫీ తాగుతూ చిరునవ్వు నవ్వుతుంది. ఆవిడకి పెళ్ళి కాలేదనుకుంటాను.

జూన్ 26

లేదు.

జూన్ 27

వచ్చాయి! ఒకటి కాదు, డజను పైనే, వరసగా, ఒకే మూసలో.

‘మారప్ప తన కొత్త మెయిలు ఖాతాకు మిమ్మల్ని తోడుగా పెట్టుకున్నారు. పాస్‌వర్డ్ మర్చిపోతే మీ ద్వారా తిరిగి లోపలికి రాగలరు. మారప్ప ఎవరో మీకు తెలియకపోతే, ఇక్కడ నొక్కండి.’

తర్వాత పుష్పావతి. తర్వాత ఓబళప్ప. తర్వాత కదిరమ్మ. ఖాతా తెరిచిన కొన్ని రోజులకు, మర్చిపోతే ఎవరి ఐడీకి కోడ్ పంపాలి అని యంత్రం అడుగుతుంది. ఆ వీధికి ఇంకే ఐడీ తెలుసు? నా నుంచి అందరినీ విడదీయడానికి సెలవులన్నీ ఖర్చుపెట్టి, చివరి గడిలో అందరికీ నా పేరే రాశాడు మహానుభావుడు. నవ్వుతూ ఒక్కొక్కటీ చదివాను.

అన్నిటికంటే చివర ఒకటి. పసుపుపచ్చ గుర్తుతో.

‘దేవరాజ్ తన కొత్త మెయిలు ఖాతాకు మిమ్మల్ని తోడుగా పెట్టుకున్నారు. మర్చిపోతే మీ ద్వారా తిరిగి రాగలరు. దేవరాజ్ ఎవరో మీకు తెలియకపోతే, ఇక్కడ నొక్కండి.’

నొక్కలేదు. ఎవరివీ నొక్కలేదు.

ఇలాంటి మెయిళ్ళకు జవాబు రాయకూడదు, అవతల మనిషి ఉండడు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ‘తెలుసు’ అని రాసి పంపాను. అందలేదని తిరిగొచ్చింది.

జూన్ 29

ఆదివారం పొద్దున. దోసె వేస్తున్నాను. మెయిలు మోగింది: ‘దేవరాజ్ ఖాతాలోకి వెళ్ళడానికి ఎవరో ప్రయత్నిస్తున్నారు. ఇదిగో కోడ్. పది నిమిషాలు పనిచేస్తుంది. దీన్ని ఎవరికీ చెప్పవద్దు.’

దోసె మాడింది. ఫోను మోగింది.

“ఆశా.”

“ఊఁ.”

“ఏం చేస్తాండావు?”

“దోసె.”

“నీకొక నంబరు వచ్చుంటాది, చూడు.” గొంతు సవరించుకున్నాడు. “ఊరందరికీ చౌడమ్మ పెడితి. నాదొకటే వేరేగా పెట్టుకుంటి. అది గుర్తుకు రాకుండా పోయింది. గది అగ్రిమెంటు దాంట్లోనే ఉండాది. ఓనరు ఈ పొద్దే సైన్ చెయ్యమంటాండాడు, నేను లోపలికి పోయేకి కాలా.”

అంటే సంతకం ఇంకా చేయలేదు. నా చేతిలో ఆరు అంకెలు. చెప్తే పదకొండు నెలలు. చెప్పకపోతే ఎన్నాళ్ళో తెలియదు. అప్పుడు నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది.

“కోడ్ ఎవరికీ ఫోనులో చెప్పకూడదు” అన్నాను.

“నేనే కదా!”

“అందరూ అదే అంటారు. మనిషిని చూడకుండా ఎలా నమ్మడం? మా ఆఫీసులో అందరికీ నేనే నేర్పుతాను. వచ్చి చూసుకోండి.”

అవతల ఎక్కడో లారీ హారను వినిపించింది.

“పది నిమిషాల్లో చచ్చిపోతాది కదా అది? జిగణి నుంచి అక్కడికి వచ్చేలోగా...”

“పోనీయండి. ఇంకొకటి అడుగుదురుగానీ. అదీ నాకే వస్తుంది.”

ఫోను చెవికి ఆనించుకునే మాడిన దోసె గీకేశాను.

“ట్రాఫిక్ ఎట్లుండాది ఆ పక్క?” అని అడిగాడు.

“సిల్క్ బోర్డు దగ్గర రోడ్డంతా ఖాళీగా ఉందట” అన్నాను.

సిల్క్ బోర్డు దగ్గర రోడ్డు ఏ రోజూ ఖాళీగా ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు.

“అట్లనా” అన్నాడు. “అట్లయితే వస్తాండా. పిండి అంతా పోసేయొద్దు.”